ఉపాధ్యాయ అర్హతలు: ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతం

నిర్వచనం

గుర్తింపు పొందిన బడిలోనో కళాశాలలోనో ఒక నిర్ణీత స్థాయిలో పాఠం చెప్పే వ్యక్తికి ఉండాలని చట్టం కోరే చదువు, వృత్తి శిక్షణ, పరీక్షలను కలిపి ఉపాధ్యాయ అర్హత అంటారు. అమెరికా రాష్ట్రాలు ఇచ్చే టీచింగ్ లైసెన్సు వంటి ఏకైక పత్రం ఆంధ్రప్రదేశ్‌లో లేదు. ఆ పనిని ఇక్కడ మూడు అంచెలు పంచుకుంటాయి. మొదటిది డీఈఎల్‌ఈడీ (ప్రాథమిక విద్యలో డిప్లొమా), బీఈడీ వంటి శిక్షణ. రెండోది ఉపాధ్యాయ అర్హత పరీక్ష, అంటే టెట్. మూడోది జిల్లా ఎంపిక కమిటీ పేరుమీద జరిగే నియామక పరీక్ష. అందరూ దీన్ని డీఎస్సీ అనే పిలుస్తారు. మొదటి రెండూ ఉన్నంత మాత్రాన ఉద్యోగం మీద హక్కు రాదు. ఆ రెండూ లేకుండా మూడోదానికి దరఖాస్తు చేయడానికి వీల్లేదు. వ్యాయామ ఉపాధ్యాయుల వంటి కొన్ని కొలువులకు మాత్రం టెట్ అక్కర్లేదు.

ఈ వ్యాసం ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లాను, దాన్ని ఆనుకున్న కొల్లేరు సరస్సు లంకలను ప్రధానంగా తీసుకుంటుంది. నియమాలు రాష్ట్రమంతటా ఒకటే అయినా, స్థానికత, శిక్షణ సంస్థల విషయంలో ఈ ప్రాంతానికి కొన్ని ప్రత్యేకతలు ఉన్నాయి.

చరిత్ర

వీధి బడి పంతులుకు ధ్రువపత్రం ఉండేది కాదు. ఊరి నమ్మకం, పిల్లల తల్లిదండ్రులిచ్చే ధాన్యం, పండగ కానుకలే అతని ఆధారం. 1854 నాటి వుడ్ డిస్పాచ్ ఉపాధ్యాయ శిక్షణను ప్రభుత్వ బాధ్యతల్లో చేర్చింది. 1856లో మద్రాసులో నార్మల్ స్కూలు వెలిసింది. తర్వాత అదే సైదాపేట శిక్షణ కళాశాల అయింది. పట్టభద్రులకు మద్రాసు విశ్వవిద్యాలయం ఎల్.టి. పట్టా ఇచ్చేది. 'లైసెన్షియేట్ ఇన్ టీచింగ్' అనేది దాని పూర్తి పేరు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1910లో సైదాపేటలో చదివింది ఈ కోర్సే. గోదావరి, కృష్ణా జిల్లాల పట్టభద్రులకు రాజమండ్రి శిక్షణ కళాశాల దగ్గరి గమ్యమైంది.

పట్టా లేనివాళ్లను చదువును బట్టి ఎలిమెంటరీ గ్రేడ్, హయ్యర్ గ్రేడ్, సెకండరీ గ్రేడ్ అని విడదీసేవారు. ఎనిమిదో తరగతితో శిక్షణకు వచ్చినవారు కింది గ్రేడు, ఎస్.ఎస్.ఎల్.సి. ముగించి వచ్చినవారు సెకండరీ గ్రేడు. నేడు ప్రాథమిక పాఠశాలలో పనిచేసే ఉపాధ్యాయుణ్ణి 'సెకండరీ గ్రేడ్ టీచర్' (ఎస్జీటీ) అనడం ఆ పాత వర్గీకరణ నుంచి మిగిలిన పేరే. అతను సెకండరీ తరగతులకు చెప్పడు.

తర్వాతి కాలంలో ఎల్.టి. స్థానంలో బీఈడీ వచ్చింది. సెకండరీ గ్రేడ్ శిక్షణ టీటీసీగా జనం నోట్లో నిలిచింది. పాతతరం ఉపాధ్యాయులు డీఈఎల్‌ఈడీని ఇప్పటికీ టీటీసీ అనే అంటారు. 1986 జాతీయ విద్యావిధానం ప్రతి జిల్లాకూ ఒక విద్యా శిక్షణ సంస్థ, అంటే డైట్ ఉండాలని చెప్పింది. పశ్చిమ గోదావరికి డైట్ నల్లజర్ల మండలం దూబచర్లలో ఉంది.

1980, 90 దశకాల్లో ఖాళీలు నింపడానికి ప్రభుత్వం నెలకు 398 రూపాయల మీద స్పెషల్ టీచర్లను తీసుకుంది. ఆ తరానికి '398 టీచర్లు' అన్న పేరు స్థిరపడిపోయింది. ఆ కాలపు సర్వీసును పింఛనుకు, ఇంక్రిమెంట్లకు కలపాలన్న డిమాండు దశాబ్దాల పాటు సంఘాల వినతిపత్రాల్లో ఉంటూ వచ్చింది. 1998 డీఎస్సీలో అర్హత సాధించి కొలువు దొరకని వారి వ్యవహారం ఇంకా దీర్ఘమైనది. వాళ్లను కనీస వేతన స్కేలు మీద ఒప్పంద ఉపాధ్యాయులుగా తీసుకోవాలని ప్రభుత్వం 2022లో నిర్ణయించేసరికి వారిలో చాలామంది పదవీ విరమణ వయసుకు చేరువయ్యారు. కొందరు దాన్ని దాటారు.

చట్టపరమైన ఆధారం

జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి (ఎన్‌సీటీఈ) 1993 చట్టం ద్వారా ఏర్పడి 1995 ఆగస్టు నుంచి చట్టబద్ధ సంస్థగా పనిచేస్తోంది. శిక్షణ కళాశాలలకు గుర్తింపునివ్వడం దాని పని. గుర్తింపు లేని కళాశాల ఇచ్చిన బీఈడీ కొలువుకు పనికిరాదు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక, అందులోని 23వ సెక్షన్ కింద ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఉపాధ్యాయుల కనీస అర్హతలు నిర్ణయించే అధికారం కూడా ఎన్‌సీటీఈకి దక్కింది. 2010 ఆగస్టు 23న వచ్చిన ప్రకటన, 2011 జులై 29న వచ్చిన సవరణ ఈ విషయంలో మూలపత్రాలు. టెట్ తప్పనిసరి అన్నది వాటితోనే మొదలైంది.

ఈ నియమం సర్కారు బడులకే కాదు, ప్రైవేటు బడులకూ వర్తిస్తుంది. ఆచరణలో ప్రైవేటు బడులు చాలావరకు దీన్ని కాగితాల మీదే పాటిస్తున్నాయి. శిక్షణ లేకుండానే పనిచేస్తున్నవారికి గడువు పొడిగిస్తూ 2017లో చట్టాన్ని సవరించారు. 2019 మార్చి 31 లోపు అర్హత పొందాలన్నారు. ఆ గడువు కోసం జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ దూరవిద్యలో డీఈఎల్‌ఈడీ నడిపింది.

అర్హతల రకాలు

ఒకటి నుంచి ఐదు తరగతులు. ఇంటర్మీడియెట్‌లో 50 శాతం మార్కులు, రెండేళ్ల డీఈఎల్‌ఈడీ, టెట్ మొదటి పేపరు ఉండాలి. రిజర్వుడు వర్గాలకు ఇంటర్ మార్కుల్లో సడలింపు ఉంది. డీఈఎల్‌ఈడీలో ప్రవేశం డీసెట్ ద్వారా జరుగుతుంది. ఈ స్థాయిలోనే ఇటీవలి పెద్ద వివాదం నడిచింది. 2018 జూన్ 28న ఎన్‌సీటీఈ బీఈడీ వారిని కూడా ప్రాథమిక తరగతులకు అనుమతించింది. చేరాక ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేయాలన్నది షరతు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు దేవేశ్ శర్మ కేసులో ఆ అనుమతి చెల్లదని తేల్చింది. చిన్నపిల్లలకు చెప్పే బోధన వేరు, దానికి శిక్షణ వేరు అన్నది తీర్పు సారం. అయినా 2024 ఫిబ్రవరి డీఎస్సీ ప్రకటనలో రాష్ట్రం ఎస్జీటీ పోస్టులకు బీఈడీ వారిని అనుమతించింది. హైకోర్టు అడ్డుకోవడంతో వెనక్కి తగ్గింది. చివరికి ఆ ప్రకటనే రద్దయింది.

ఆరు నుంచి పది తరగతులు. సంబంధిత సబ్జెక్టులో డిగ్రీ, బీఈడీ, టెట్ రెండో పేపరు ఉన్నవారు స్కూల్ అసిస్టెంట్ (ఎస్ఏ) పోస్టుకు అర్హులు. డిగ్రీలో 50 శాతం మార్కులు సాధారణ నియమం. బీఈడీ ఒకప్పుడు ఏడాది కోర్సు. ఎన్‌సీటీఈ 2014 నిబంధనలతో 2015-16 నుంచి రెండేళ్లయింది. అందులో 20 వారాలు బడిలో ఇంటర్న్‌షిప్ చేయాలి. ప్రవేశం ఎడ్‌సెట్ ద్వారా జరుగుతుంది. ఈ ప్రాంతపు బీఈడీ కళాశాలల్లో పశ్చిమ గోదావరి వైపువి ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయానికి, పాత కృష్ణా జిల్లా వైపువి కృష్ణా విశ్వవిద్యాలయానికి అనుబంధం. నన్నయ విశ్వవిద్యాలయం 2006లో ఏర్పడక ముందు ఇటువైపు పట్టాలన్నీ వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచే వచ్చేవి.

భాషా పండితులు. తెలుగు, హిందీ బోధకులది వేరే దారి. ఆంధ్ర విశ్వవిద్యాలయపు భాషా ప్రవీణ, ఉభయభాషాప్రవీణ వంటి ప్రాచ్య పట్టాలు, దక్షిణ భారత హిందీ ప్రచార సభ ఇచ్చే రాష్ట్రభాషా ప్రవీణ ఈ కొలువులకు గుర్తింపు పొందాయి. వీటితోపాటు పండిట్ శిక్షణ ఉండాలి. ఇప్పుడు పండిట్ పోస్టులు దశలవారీగా ఎస్ఏ (తెలుగు), ఎస్ఏ (హిందీ)గా మారాయి. ప్రాచ్య కళాశాలలు సన్నగిల్లడంతో భాషా ప్రవీణ చేసి వచ్చేవారు తగ్గి, ఎం.ఏ. తెలుగుతో వచ్చేవారు పెరిగారు.

వ్యాయామ ఉపాధ్యాయులు. యూజీడీపీఈడీ లేదా బీపీఈడీ చదవాలి. ప్రవేశానికి పరుగు, గెంతు, విసురుడు వంటి శారీరక సామర్థ్య పరీక్షలుంటాయి. చిత్రలేఖనం, కుట్టు వంటి చేతిపనుల బోధకులకు టెక్నికల్ టీచర్ సర్టిఫికెట్ ఉంది. లోయర్ గ్రేడ్ పరీక్ష గట్టెక్కినవారికి వేసవిలో 42 రోజుల శిక్షణ ఇచ్చి ఈ సర్టిఫికెట్ ప్రదానం చేస్తారు. దీన్నీ టీటీసీ అనే అంటారు కాబట్టి పైన చెప్పిన పాత టీటీసీతో కలగలపరాదు.

ప్రత్యేక విద్యాబోధకులు. వినికిడి, చూపు, మేధోపరమైన లోపాలున్న పిల్లలకు చెప్పేవారిని ఎన్‌సీటీఈకి తోడు భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) కూడా నియంత్రిస్తుంది. 1992 నాటి ఆర్‌సీఐ చట్టం ప్రకారం వారు కేంద్ర పునరావాస రిజిస్టరులో పేరు నమోదు చేసుకుని సంఖ్య పొందాలి. నమోదు లేకుండా పనిచేస్తే ఏడాది వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. నమోదును కాలానుగుణంగా పునరుద్ధరించుకోవాలి. దానికి నిరంతర విద్యా కార్యక్రమాల్లో పాయింట్లు సంపాదించాలి. లైసెన్సుకుండే లక్షణాలైన రిజిస్టరు, గడువు, పునరుద్ధరణ, శిక్ష నాలుగూ రాష్ట్రంలోని బడి ఉపాధ్యాయుల్లో ఈ ఒక్క వర్గానికే కనిపిస్తాయి. ప్రాథమిక స్థాయిలో 10 మంది, ఆపై స్థాయిలో 15 మంది ప్రత్యేకావసరాల పిల్లలకు ఒక బోధకుడు ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో నిర్దేశించింది.

కళాశాల, విశ్వవిద్యాలయ స్థాయి. జూనియర్ లెక్చరర్‌కు పీజీ చాలు, బీఈడీ అడగరు. ప్రభుత్వ పోస్టులను ఏపీపీఎస్సీ భర్తీ చేస్తుంది. అదే ఇంటర్ పాఠాన్ని గురుకుల బడిలో చెప్పే పోస్ట్ గ్రాడ్యుయేట్ టీచర్‌కు (పీజీటీ) మాత్రం పీజీతోపాటు బీఈడీ తప్పదు. ఒకే పాఠ్యపుస్తకం చెప్పేవారికి రెండు వేర్వేరు అర్హతలు ఎందుకో నిబంధనల్లో వివరణ దొరకదు. డిగ్రీ లెక్చరర్‌కు పీజీలో 55 శాతం, నెట్ లేదా రాష్ట్రస్థాయి సెట్ లేదా పీహెచ్‌డీ కావాలి. తాడేపల్లిగూడెంలో ఈ పై మెట్టు వైవిధ్యమంతా ఒక్కచోట చూడవచ్చు. అక్కడి ఎన్‌ఐటీ (2015)లో అధ్యాపక కొలువుకు పీహెచ్‌డీ ముఖ్యం. పక్కనే వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం (2007)లో సహాయ ఆచార్యుని కొలువుకు వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక మండలి జరిపే ప్రత్యేక నెట్ ఉంది.

టెట్ పనితీరు

ఆంధ్రప్రదేశ్‌లో తొలి టెట్ 2011 జులై 31న జరిగింది. 150 ప్రశ్నలు, 150 మార్కులు. మొదటి పేపరులో శిశు వికాసం–బోధన పద్ధతులు, తెలుగు లేదా ఎంచుకున్న మొదటి భాష, ఆంగ్లం, గణితం, పరిసరాల విజ్ఞానానికి తలా 30. రెండో పేపరులో చివరి రెండింటికి బదులు సబ్జెక్టుకు 60. తప్పు జవాబుకు మార్కు కోత లేదు. జనరల్, ఈడబ్ల్యూఎస్ వారికి 60 శాతం, బీసీలకు 50, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40 వస్తే ఉత్తీర్ణులు. ప్రత్యేక విద్యకు 1-బి, 2-బి పేపర్లు తర్వాత చేరాయి.

తొలుత టెట్ సర్టిఫికెట్ ఏడేళ్లే చెల్లేది. 2021 జూన్‌లో కేంద్రం దాన్ని జీవితకాలానికి పెంచి, 2011 నుంచే వర్తింపజేసింది. పాసైనవాళ్లు కూడా మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాస్తారు. ఎందుకంటే డీఎస్సీలో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంది. అర్హత పరీక్ష ఈ ఏర్పాటుతో సగం పోటీ పరీక్షగా మారిపోయింది.

కేంద్రీయ విద్యాలయాలు, నవోదయల కోసం సీబీఎస్‌ఈ జరిపే సీటెట్ వేరు. ఏలూరుకు దగ్గర్లోని పెదవేగి జవహర్ నవోదయ విద్యాలయం ఆ కోవలోకి వస్తుంది.

డీఎస్సీ పనితీరు

జిల్లా కలెక్టరు అధ్యక్షుడుగా, జిల్లా విద్యాశాఖాధికారి కార్యదర్శిగా ఉండే కమిటీ పేరుతో నియామకం జరుగుతుంది. ప్రశ్నపత్రం, పరీక్ష మాత్రం రాష్ట్రస్థాయిలోనే. ఎస్జీటీ, ఎస్ఏ పోస్టులకు పరీక్ష 80 మార్కులు, టెట్ 20 మార్కులు కలిపి వంద. ఇంటర్వ్యూ లేదు. తరగతి గదిలో పాఠం చెప్పించి చూసే దశా లేదు. సిఫారసులకు తావివ్వకపోవడం ఈ పద్ధతి బలం. పాఠం ఎలా చెబుతారో ఎక్కడా తూచకపోవడం దాని లోటు.

తాజా పెద్ద నియామకం 2025 మెగా డీఎస్సీ. ఏప్రిల్ 20న 16,347 పోస్టులకు ప్రకటన వెలువడింది. ఇందులో ఎస్ఏ 7,725, ఎస్జీటీ 6,371, ట్రైన్డ్ గ్రాడ్యుయేట్ టీచర్ (టీజీటీ) 1,781, పీజీటీ 286, వ్యాయామ ఉపాధ్యాయులు (పీఈటీ) 132, ప్రిన్సిపాల్ 52. జూన్, జులై నెలల్లో కంప్యూటరు ఆధారంగా పరీక్షలు జరిపి సెప్టెంబరులో నియామక పత్రాలు ఇచ్చారు. దానికి ముందు పూర్తయిన డీఎస్సీ 2018 నాటిది. ఈ ఎడం వల్లే శిక్షణ ముగించినవారు ఏళ్ల తరబడి ప్రైవేటు బడుల్లో తక్కువ జీతాలకు పనిచేస్తూ, దొరికిన సెలవుల్లో అవనిగడ్డ వంటి కోచింగ్ ఊళ్లకు వెళ్లి చదువుకుంటారు. కృష్ణా జిల్లా చివర ఉన్న ఆ చిన్న పట్టణం డీఎస్సీ కోచింగ్‌కు రాష్ట్రమంతటా పేరుపడింది.

స్థానికత, జిల్లాల హద్దులు

1975 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం జిల్లా స్థాయి పోస్టుల్లో 80 శాతం స్థానికులకు దక్కుతాయి. అభ్యర్థి బడి చదువు ఏ జిల్లాలో సాగిందన్నది స్థానికతకు కొలత. అందుకే దరఖాస్తులో నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలను పునర్విభజించినా డీఎస్సీ పాత 13 జిల్లాల లెక్కనే నడిచింది. కొల్లేటి ప్రాంతంలో దీని ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది. ఏలూరు మండలంలోని గుడివాకలంక, ప్రత్తికోళ్లలంకల్లో చదివినవారు పశ్చిమ గోదావరికి స్థానికులు. సరస్సుకు అటువైపు కైకలూరు మండలం కొల్లేటికోటలో చదివినవారు నేడు అదే ఏలూరు జిల్లావాసులైనా, నియామకంలో కృష్ణా జిల్లాకు స్థానికులు. తాడేపల్లిగూడెం ఇప్పుడు భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలో ఉన్నా, ఏలూరు వారితో ఒకే మెరిట్ జాబితాలో పోటీపడుతుంది. శిక్షణ సంస్థల పరిస్థితీ ఇంతే. దూబచర్ల డైట్ ఉన్న నల్లజర్ల మండలం తూర్పు గోదావరికి వెళ్లింది. పాత కృష్ణా డైట్ అంగలూరులో ఉంది. ఈ రెండూ ఏలూరు జిల్లా హద్దులకు బయటివే.

జిల్లాకు ఎగువన బుట్టాయగూడెం వంటి ఏజెన్సీ మండలాల్లో మరో నియమం ఉండేది. 2000 జనవరి 10 నాటి జీవో 3 అక్కడి ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నూరుశాతం రిజర్వేషన్ చెల్లదని కొట్టివేసింది. అప్పటికే చేరినవారిని మాత్రం కదిలించలేదు. పిల్లలు మాట్లాడే కోయ భాష తెలిసిన ఉపాధ్యాయుణ్ణి ఏ అర్హత ద్వారా రప్పించాలన్న ప్రశ్నకు ఆ తర్వాత కొత్త జవాబు రాలేదు.

కొలువులో చేరాక

రెండేళ్ల ప్రొబేషన్ ఉంటుంది. తర్వాత అర్హతకు గడువు తీరడం అంటూ లేదు. పదోన్నతికి మాత్రం కొత్త మెట్లున్నాయి. ఎస్ఏ పోస్టుల్లో 70 శాతం పదోన్నతుల ద్వారా, 30 శాతం నేరుగా నింపుతారు. అందుకని ఎస్జీటీలు కొలువులో ఉంటూనే డిగ్రీ, బీఈడీ పూర్తి చేస్తారు. ప్రధానోపాధ్యాయుడు కావడానికి ఏపీపీఎస్సీ జరిపే శాఖాపరమైన పరీక్షలు గట్టెక్కాలి. ఉపాధ్యాయ గదుల్లో వీటిని 'ఈఓ, జీఓ టెస్టులు' అంటారు. బోధన మీద కాక ఖాతాలు, సర్వీసు నిబంధనల మీద ప్రశ్నలుంటాయి.

బదిలీల్లో ఊరి స్థితిని బట్టి పాయింట్లు వస్తాయి. రహదారి సౌకర్యం లేని నాలుగో కేటగిరీ ఊళ్లో పనిచేసిన ఏడాదికి అత్యధిక పాయింట్లు. లంక గ్రామాల్లో పనిచేయడానికి వేరే అర్హత అక్కర్లేదు, ఉన్న ప్రోత్సాహకం ఈ పాయింట్లే.

ఉపాధ్యాయుడు ఏ వర్గానికి చెందుతాడన్నది అతని ఓటు హక్కునూ ప్రభావితం చేస్తుంది. రాజ్యాంగం 171వ అధికరణ ప్రకారం శాసనమండలి ఉపాధ్యాయ నియోజకవర్గంలో ఓటరు కావాలంటే సెకండరీ లేదా ఆపై స్థాయి సంస్థలో కనీసం మూడేళ్లు బోధించి ఉండాలి. కాబట్టి తూర్పు, పశ్చిమ గోదావరి ఉపాధ్యాయ స్థానంలో ఉన్నత పాఠశాల ఎస్ఏకు ఓటుంటుంది. ప్రాథమిక పాఠశాల ఎస్జీటీకి ఉండదు.

ఇతర దేశాల పద్ధతులు

అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ తన లైసెన్సు ఉంది. తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన టెక్సస్‌లో సర్టిఫికెట్‌ను ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. దానికి 150 గంటల వృత్తి శిక్షణ చూపాలి. ఇక్కడి బీఈడీతో వెళ్లినవారు పట్టాను అక్కడి సంస్థచేత మూల్యాంకనం చేయించుకోవాలి. ఇంగ్లండులో క్యూటీఎస్ (క్వాలిఫైడ్ టీచర్ స్టేటస్) అనే హోదా ఉంది. 2021 నుంచి కొత్త ఉపాధ్యాయునికి అక్కడ రెండేళ్ల ఇండక్షన్ విధించారు. ఈ రెండుచోట్లా అర్హత నిర్ణయంలో తరగతి గదిలో పరిశీలనకు స్థానముంది.

ఇటీవలి మార్పులు

జాతీయ విద్యావిధానం 2020 ప్రకారం 2030 నాటికి ఉపాధ్యాయ కొలువుకు కనీస పట్టా నాలుగేళ్ల సమీకృత బీఈడీ కావాలి. ఐటెప్ పేరుతో ఆ కోర్సు 2023-24లో ఎంపిక చేసిన సంస్థల్లో ప్రయోగాత్మకంగా మొదలైంది. టెట్‌ను అన్ని స్థాయులకూ విస్తరించాలన్నది అదే పత్రంలోని మరో ప్రతిపాదన.

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అంతకంటే తక్షణమైనది. టెట్ తప్పనిసరి కాకముందు చేరిన ఉపాధ్యాయులకు ఇన్నాళ్లూ టెట్ నుంచి రక్షణ ఉందని అందరూ భావించారు. ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు చెప్పేవారిలో పదవీ విరమణకు ఐదేళ్లకు మించి ఉన్నవాళ్లంతా రెండేళ్లలో టెట్ గట్టెక్కాలని, లేకుంటే ఉద్యోగం వదులుకోవాలని కోర్టు తేల్చింది. ఐదేళ్లలోపు ఉన్నవారు కొనసాగవచ్చు గానీ టెట్ లేకుండా పదోన్నతి అడగరాదు. మైనారిటీ సంస్థలకు ఈ నియమం వర్తిస్తుందా అన్న ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి నివేదించారు.